మొగుడున్న అంకె

"వాళ్ళు బాంబు పెట్టరు ఇలింకా. మన అధ్యక్షుణ్ణే బాంబు చేస్తారు," అన్నాడు కల్నల్ స్తెరియాన్, ఫైలు మూసేస్తూ.

పన్నెండేళ్ళ సీక్రెట్ సర్వీసులో ఇంత భయం ఇలింకా ఎరగదు. అధ్యక్షుడు విల్కాన్ కోపం రుమేనియాలో తెలియనిదెవరికి? కాఫీ చల్లారిందని ఒక రాయబారిని దేశం నుంచి గెంటేశాడు. తనను చూసి ఎవరో నవ్వారని సరిహద్దు నది డాన్యూబ్ ఒడ్డుకు ట్యాంకులు తోలాడు. "ఇంకొక్క అవమానం జరిగితే నది దాటతాం" అని టీవీలో బల్ల గుద్ది చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి, ఇళ్ళకు పోతూ పిండి బస్తాలు కొనుక్కున్నారు. అన్నిటికంటే ముందున్న ట్యాంకులో ఇలింకా తమ్ముడు తుదోర్ ఉన్నాడు.

"ఆయుధాలమ్ముకునే విదేశీ ముఠా ఆ అవమానాన్ని ఇవాళే జరిపిస్తుంది. పదకొండింటికి వంతెన మీద, అవతలి దేశం రాయబారి పూలగుత్తి ఇచ్చేటప్పుడు. మనకి చిక్కిన కోడ్ ఒక్కటే. 'ఆమె మొగుడితో వస్తోంది,'" అన్నాడు కల్నల్.

"ఎవరామె?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను తల్లీ?"

పదిన్నరకల్లా ఇలింకా ప్రోటోకాల్ ఉద్యోగిని వేషంలో వంతెన మీదికి చేరింది. చెవికమ్మలో మైక్రోఫోన్. ఉంగరంలో పేలుడు పదార్థాలు పసిగట్టే స్కానర్. జంటగా వచ్చిన వాళ్ళందరినీ సోదా చేయించింది. ఏమీ దొరకలేదు. పూలగుత్తి మీద ఉంగరం తిప్పింది. అది కూడా పలకలేదు.

"పెళ్ళిచూపులకొచ్చినట్టు అంత బిగుసుకుపోయావేంటే?" అంటూ రెవెకా నవ్వింది. ప్రోటోకాల్ విభాగంలో సీక్రెట్ సర్వీసు పెట్టిన మరో ఏజెంట్ ఆమె. ఆ అందానికి మంత్రులే తడబడేవారు. "పూలు నేనే దగ్గరుండి కట్టించాను. నువ్వు మొగుడి సంగతి చూసుకో."

"నాకు మొగుడెక్కడున్నాడక్కా?"

అనేసి ఇలింకా ఉలిక్కిపడింది. ఆ కోడ్ కల్నల్ తనకొక్కదానికే చెప్పాడు. మరి మొగుడి మాట ఈమె నోట ఎలా వచ్చింది? అప్పుడు బళ్ళో నేర్చిన లెక్కలు గుర్తొచ్చాయి. మా రుమేనియన్ భాషలో సరి అంకెను మొగుడున్నదంటాం, బేసి అంకెను మొగుడు లేనిదంటాం. బతికున్నవాళ్ళకు బేసి పూలే ఇస్తాం. సరి పూలు సమాధి మీదికే.

పూలు లెక్కపెట్టింది. ఇరవై.

దేశమంతా చూస్తుండగా విల్కాన్‌కు చావు పూలు! ఆయన ఏ పూలగుత్తినైనా లెక్కపెట్టందే వదలడు.

పక్కటెముకలకు గట్టిగా ఏదో తగిలింది. రెవెకా హ్యాండ్‌బ్యాగు. "కదలకు. సైలెన్సర్ ఉంది. బ్యాండు మోతలో ఎవరికీ వినపడదు."

రాయబారి పాపం ముసలాయన. ఏమీ తెలియక నవ్వుతూ పూలు అందించాడు. విల్కాన్ వేలు పూల మీద నడవసాగింది. "ఒకటి... రెండు..."

"నా కమ్మలో మైక్ ఉంది. కల్నల్ అంతా విన్నాడు," అంది ఇలింకా.

రెవెకా కళ్ళు ఒక్క క్షణం కల్నల్ మనుషులున్న వంతెన చివరికి తిరిగాయి. ఇలింకా మడమతో ఆమె పాదం తొక్కి పరుగెత్తింది.

"పదకొండు... పన్నెండు..."

ఇలింకా అప్పటికి లెక్కకు రాని పూవొకటి గుత్తిలోంచి లాగి ఆయన కోటు బొత్తాం కన్నంలో గుచ్చింది. "ప్రజల తరఫున అయ్యా!"

గార్డుల తుపాకులన్నీ ఆమె మీదికి లేచాయి. విల్కాన్ ముఖం కందిపోయింది. తుదోర్ తప్ప ఇలింకాకింకేమీ తోచలేదు. ఇంతలో ఆయన కెమెరాల వైపు చూశాడు. ఛాతీ విరుచుకున్నాడు. వేలు మళ్ళీ కదిలింది.

"...పద్దెనిమిది, పంతొమ్మిది. బాగున్నాయి!"

వంతెన చివర కల్నల్ మనుషులు రెవెకాను పట్టుకున్నారు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ట్యాంకులు వెనక్కొస్తున్నాయట. తమ్ముడు భోజనానికొస్తానన్నాడు. మంచం కింద ముప్ఫై కిలోల మొక్కజొన్న పిండి ఉంది, ఎవరికైనా ఇచ్చేయనా?"

"ఉంచమ్మా. ఎన్నికలకి ఇంకా రెండేళ్ళుంది," అంది ఇలింకా. "అదీ మొగుడున్న అంకే."