బంక పెట్టని బ్రిడ్జి

టీ గ్లాసు కింద పెట్టకముందే జడ్సన్ మళ్లీ అదే మాట అన్నాడు, తీగలు ఇంకా ఎత్తుగానే ఉన్నాయని, నొక్కడం కష్టమని. కూతురు అబిగయీలుకి ఒళ్లు మండింది. మైపాడు ఉప్పుగాలికి తుప్పుపట్టి, పెచ్చులూడి, అటక మీద పడి ఉన్న తాత గిటారది. వయోలిన్‌కు మల్లే ఉబ్బిన పొట్ట. చర్చీల హార్మోనియంలు బాగుచేసే చేత్తోనే పగులు అతికించింది, మరలు మార్చింది, కొత్త తీగలు కట్టింది. ఇంత చేసినా నాయన నోట ఒక్క మంచి మాట రాలేదు.

సామ్రాజ్యం, అబిగయీలు అమ్మ, చనిపోయి ఏడాది. సాయంత్రం ఇంట్లోనే జ్ఞాపకార్థ కూటం. ఆమె ఇష్టంగా పాడే పాటను ఈ గిటారు మీద వాయిస్తానని జడ్సన్ సంఘమంతటికీ చెప్పుకున్నాడు.

తీగలన్నీ ఒకేసారి విప్పకూడదని అబిగయీలు ఆయనకు ముందే చెప్పింది. ఈ రకం గిటారులో తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జిని బంకతో అతికించరు, తీగల బిగువుకే అది నిలబడుతుంది. ఇప్పుడు ఆ బ్రిడ్జి మర తిప్పి తీగల్ని ఇంకాస్త దించింది. మీటితే తీగ గిటారు మెడ మీది మెట్లకు తగిలి జరజరమంది. ఇక దించడానికి చోటు లేదు.

"ఇంకొంచెం దించు పాపా," అన్నాడు జడ్సన్.

ఆమెకు ఓపిక నశించింది. "ఏం చేసినా నీకు వంకే నాయనా. అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ వంటకు పెట్టినావు, ఇప్పుడు నా పనికి. వాయించడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అమ్మ పేరు చెప్పి నన్నెందుకు చంపుతావు?"

జడ్సన్ గిటారును ఒళ్లోకి లాక్కుని ఎడమచేత్తో తీగల్ని నొక్కబోయాడు. చూపుడువేలు వంగింది. మిగతావి ఊరికే ఆనుకుని జారిపోయాయి. గుండీల చొక్కాలు మానేసి ఆయన బనియన్లతోనే ఎందుకు తిరుగుతున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఎప్పటినుంచి నాయనా?"

"మీ అమ్మ ఉన్నప్పటినుంచే. గుండీలు ఆమే పెట్టేది. నీకు చెబితే ఆస్పత్రికి తీసకపోతావు, వాళ్లు ఈ చెయ్యి ఇంక రాదంటారు. తీగలు దించితే ఒక్క పాటకన్నా పలుకుతుందేమో అనుకున్నా."

అబిగయీలు ఆ చేతిని మొహానికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కుడిచేత్తో ఆమె తల నిమిరాడు.

"నీ పనిలో లోపం లేదు పాపా. మీ తాత చేతిలో కూడా ఇది ఇంత బాగా పలకలేదు. తీగలన్నీ విప్పెయ్ ఇక, నేను వాయించలేను."

ఆమె ఒక్కో తీగనూ వదులు చేసింది. ఆఖరిది సడలగానే బ్రిడ్జి ఒరిగి ఆమె చేతిలోకి వచ్చింది. దాన్ని నాయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన గుప్పిట మూయలేకపోతే తనే ఆ వేళ్లు మూసి పట్టుకుంది.