తోడుపూస

అంగన్‌వాడీ వసారాలో గొంతులు ఎక్కిస్తున్నారు. తుపాను రోజులకు ముందు ఏటా ఉండే తంతే. తల్లులు వరసగా కూర్చుని, బిడ్డల మొలతాళ్లకు కట్టే తోడుపూసలను అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడుతున్నారు. పది మాటలు ఎక్కిస్తే చాలు, మిగతావి పూసే కూర్చుకుంటుంది. ఉప్పునీళ్లు తగలగానే మేలుకుని, అమ్మ గొంతుతో బిడ్డకు దారి చెబుతుంది. స్నానం నీళ్లకూ సముద్రం నీళ్లకూ తేడా దానికి బాగా తెలుసు. అది వచ్చాక ఆ తీరంలో ఒక్క బిడ్డా నీళ్లపాలు కాలేదు. పెద్దవాళ్లే పోయారు. పోయినేడు ఉప్పెనలో మసేను భార్య లోవలక్ష్మి కూడా పోయింది.

"పోయినవాళ్ల గొంతు ఉంచకూడదు మసేనూ. నీ కూతురి పూసలో నీ గొంతు ఎక్కించెయ్యి, పాతది దానంతటదే చెరిగిపోద్ది" అంది అమ్మాజీ టీచరు.

"వచ్చే వారం తప్పకుండా టీచరుగారూ" అన్నాడు మసేను. ఏడాదిగా ఇలాగే మీనమేషాలు లెక్కపెడుతున్నాడు. చెరిపెయ్యడానికి చేతులు రావడంలేదు, అంతే.

ఇంటికొస్తే కూతురు లేదు. రోజూ ఈ వేళకు ఉప్పుటేటికి పోతుందని పొరుగింటామె చెప్పేసరికి మసేను ఒకటే పరుగు తీశాడు.

మబ్బు తునకైనా లేని ఆకాశం. ఏటిలో నడుములోతున ఏడేళ్ల హారిక నిలబడి నవ్వుతోంది. పోటు ఎక్కుతోంది.

"ఒసే, బయటికి రా!"

"అరవకు నాన్నా. అమ్మ మాట్లాడతంది."

మసేను నీళ్లలోకి దూకి పిల్ల రెక్క పట్టుకున్నాడు. అప్పుడు వినిపించింది, లోవలక్ష్మి గొంతు.

"గట్టుకు నడువమ్మా. కుడిచేతి వైపు. పక్కనెవరో ఉన్నారే, నాన్నేనా?"

మసేను పిల్లను చంకనెత్తుకుని గట్టువైపు రెండడుగులు వేశాడు. మొలతాడు నీళ్లలోంచి పైకి రాగానే గొంతు టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం అతనికి రెండోసారి చావు కబురులా తగిలింది.

"అంతే నాన్నా, ఒడ్డుకొస్తే ఊరుకుంటది. ఇక్కడ దారే చెబుద్ది. లోతుకెళ్తే భయపడతానని ముద్దు చేస్తది. ఇంకా లోతుకెళ్తే పాట పాడుద్ది."

"నువ్వు విన్నావా?"

"కొంచెమే. నాకు కాళ్లు అందలేదు."

పిల్లను తీసుకుని ఇంటికి పోవాలని మసేనుకు తెలుసు. భయం కూడా వేసింది. కానీ ఏడాదిగా మోస్తున్న దిగులు ఆ భయం కంటే పెద్దది. వెనక్కి తిరిగి, కూతుర్ని చంకలోంచి కిందికి, నడుము దాకా నీళ్లలోకి దించి పట్టుకున్నాడు.

"ఇద్దరూ వచ్చారా" అంది పూస, మెత్తగా.

"పాట ఎక్కడ మొదలవుద్దమ్మా?" అని కూతుర్ని అడిగాడు మసేను.

హారిక ఏటి నడిమికి వేలు చూపించింది. అతను అటే అడుగు వేశాడు.