మనుషుల్ని మాయం చేసే బస్టాపు

కొండ దిగువన ఉన్న ఆ బస్టాపుకి మంచి పేరు లేదు. పగలంతా మామూలుగానే ఉంటుందట. చీకటి పడ్డాక అక్కడ నిలబడ్డ మనిషి మాత్రం... ఇంకెవరి కళ్లకీ ఆనడట. బస్సులు వస్తాయి, కళ్లముందే వెళ్లిపోతాయి, ఒక్కటీ ఆగదు.

ఈ మాట చెప్పింది పెయింటరు. పదేళ్లుగా ఆ దేశంలోనే ఉంటున్న మనిషి. కొత్తగా వచ్చిన లిఫ్టు మెకానిక్కునీ అతని భార్యనీ టీకి పిలిచి, గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

"మూడుసార్లు నిలబడ్డాను చెల్లెమ్మా. మూడుసార్లూ డ్రైవరు నా మొహంలోకి చూశాడు... గోడని చూసినట్టు. ఆరు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాను. మళ్లీ అటు వెళితే ఒట్టు."

మెకానిక్కు నవ్వేశాడు. అతని భార్యకి మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆమెకి ఆ దేశమంతా ఆ బస్టాపులాగే ఉంది. సొంత ఊళ్లో టైలరింగ్ షాపు నడిపిన మనిషి. వీధి చివరిదాకా వెళ్లిరావాలంటే పదిమందికి జవాబు చెప్పుకోవాలి — జాకెట్టు ఎప్పుడిస్తావు, చేతులు బిగుతయ్యాయేమిటి అని. ఇక్కడికొచ్చి ఏడు వారాలైంది. మెట్ల మీద ఎదురైనవాళ్లు పక్కకి తప్పుకుంటారే గానీ మొహం చూడరు. అసలు తాను ఉన్నట్టా లేనట్టా అని ఆమెకే అనుమానం వచ్చేసింది. అందుకే మొగుడికి గడువు పెట్టింది. "ఈ ఆదివారం ఊరంతా చూపించండి. అప్పటికీ నా మనసు నిలవకపోతే పాపని తీసుకుని వెళ్లిపోతాను. ఉద్యోగం మీరు చేసుకోండి."

ఆదివారం వచ్చింది. మెకానిక్కు భార్యనీ, తల్లినీ, ఆరేళ్ల బుడంకాయనీ వెంటేసుకుని కొండెక్కాడు. అదిగో నది, అదిగో వంతెన అంటూ గైడులా ఒకటే వాగుడు. ఆ ఉత్సాహంలో దిగాల్సిన వైపు కాక రెండో వైపు దిగాడు. చలికాలం కదా, నాలుగున్నరకే సూర్యుడు దుకాణం కట్టేశాడు.

కింద ఒక స్తంభం, ఒక అద్దాల గూడు, ఒక బెంచీ. పైన గుడ్డి దీపం.

"ఏమండీ... ఇది అదేనా?" అందామె మెల్లిగా.

"బస్టాపులన్నీ ఒకలాగే ఉంటాయి," అన్నాడు. గొంతులో మాత్రం పస లేదు.

మొదటి బస్సు వచ్చింది. నలుగురూ బుద్ధిగా వరసలో నిలబడ్డారు. డ్రైవరు వాళ్ల వైపు చూశాడు... చూసి, వెళ్లిపోయాడు.

అరగంటకి రెండోది. అదీ అంతే. చెవుల్లో ఏవో పెట్టుకుని పరిగెడుతున్న కుర్రాడొకడు పక్కనుంచే పోయాడు. కన్నెత్తి చూడలేదు.

అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్... కొండ మీద ఒకచోట అందరం కాలుజారి పడ్డాం, గుర్తుందా?"

"పడితే లేచాం కదమ్మా."

"లేచామనే అనుకుంటున్నాం."

"దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఒకసారి చూసుకోండి," అంది పెద్దావిడ. నలుగురూ వంగారు. చలికి వేసుకున్న లావుపాటి బూట్లు, పైగా చీకటి. ఏది ముందో ఏది వెనకో తేలలేదు.

"అయితే రేపు బడి లేదా?" బుడంకాయ ఆశగా అడిగింది.

పాప తల్లికి ఏడుపొచ్చింది. ఈ ఏడు వారాలూ నేను చచ్చిన లెక్కే కదా, వీళ్లకి ఇవాళ తెలిసింది అనుకుంది. ఇంటికెళ్లగానే పెట్టె సర్దేయాలని కూడా అనుకుంది.

మలుపులో మూడో బస్సు లైట్లు కనిపించాయి.

"ఇది ఆగుతుంది చూడు. ఆగకపోతే వచ్చే ఆదివారం ఇంకో కొండకి..." అన్నాడు మెకానిక్కు.

భార్య ఇంక ఆగలేకపోయింది. రెండు చేతులూ నెత్తిమీదికెత్తి, "మీకో దండం అండీ. మీ కొండలకో దండం, మీ బస్సులకో దండం," అంది.

కీచుమని బ్రేకు పడింది. సరిగ్గా ఆమె ముందు తలుపు తెరుచుకుంది.

డ్రైవరు కళ్లద్దాలావిడ. నవ్వుతూ ఏదో చెప్పింది. మెకానిక్కు తల గోక్కున్నాడు.

"ఇక్కడ చెయ్యెత్తితేనే ఆపుతారట. ఎత్తకపోతే ఊరికే నిలబడ్డారనుకుంటారట."

ఆవిడ ఈసారి సూటిగా ఆమెనే చూస్తూ ఇంకేదో అంది.

"ఏమంటోంది?"

"ఇందాక అటు వెళ్తూ నిన్ను చూసిందట. ఆకుపచ్చ శాలువావిడ వంగి పాప కాళ్లు చూస్తోంది, దెబ్బేమైనా తగిలిందేమో, తిరిగొచ్చేటప్పుడు కనుక్కోవాలి అనుకుందట."

"నన్నేనా?"

"నిన్నే."

కిటికీ పక్కన కూర్చుందామె. ఒంట్లోకి వేడి పాకింది. పెయింటరు గుర్తొచ్చాడు — మూడుసార్లు, ఆరేసి కిలోమీటర్లు, ఎవర్నీ అడగకుండా. ఏడు వారాల్లో మొదటిసారి పగలబడి నవ్వింది.

"మరి... టికెట్లు తియ్యనా? విమానానికి," అన్నాడు మొగుడు భయంభయంగా.

"వచ్చే ఆదివారం నది అవతలికి వెళ్దాం. దారి నేను చూస్తాను," అందామె.

బస్సు కదిలింది. అప్పుడు కనిపించింది — గుడ్డి దీపం కింద ఒక ముసలావిడ. సంచీ గుండెలకి హత్తుకుని బస్సునే చూస్తోంది. చెయ్యి ఎత్తలేదు.

అయ్యో, ఈవిడకీ ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆమె అద్దం మీద తట్టింది. తన చెయ్యి ఎత్తి చూపించింది... ఇలా.

ముసలావిడ సందేహంగా, మెల్లగా... చెయ్యెత్తింది.

బస్సు ఠక్కున ఆగింది. తలుపు తెరుచుకుంది. చల్లగాలి లోపలికొచ్చింది. ఎవరూ ఎక్కలేదు. దీపం కింద కూడా ఎవరూ లేరు. డ్రైవరు అద్దంలోకి ఓసారి, రోడ్డు మీదికి ఓసారి చూసి తలుపు మూసింది.

వెనక సీట్లో కునికిపాట్లు పడుతున్న అత్తగారు కళ్లు తెరిచి, పక్క సీట్లో ఉన్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూర్చోండి వదినగారూ, ఖాళీయే," అంది.