ఇక్కడ అన్నీ ఉన్నాయి

శుక్రవారం పొద్దున్నే రావాల్సిన నీళ్ళ ట్యాంకరు ఎనిమిదైనా రాలేదు. హనుమక్క డ్రమ్ము మూత ఎత్తి, అడుగున మిగిలిన రెండు చెంబుల నీళ్ళు చూసి, ట్యాంకరు డ్రైవరుతో మొదలుపెట్టి వాడి ఏడు తరాలనూ తిట్టింది.

దోహాకు పడమర అల్ షహానియా దాటి ఎడారిలోకి ఇరవై కిలోమీటర్లు పోతే ఆ తోటల ఊరు. ఊరంటే నవ్వొస్తుంది. పశువుల గడ్డి మళ్ళు, ఖర్జూరపు చెట్లు, ఒంటెల దొడ్లు, పనివాళ్ళకు పదకొండు రేకుల గదులు, ఖాసీం కొట్టు. జనరేటరు రాత్రి పదికి ఆగిపోతుంది. జ్వరమొస్తే దోహా పోయే బండి కోసం శుక్రవారం దాకా ఆగాలి. జ్వరానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

హనుమక్క యజమాని ఇంట్లో వంటమనిషి. మొగుడు తిరుపాలు గడ్డి మళ్ళకు నీళ్ళు పెడతాడు. కదిరి పక్క పల్లెలో కూతురు శివకుమారిని అవ్వ దగ్గర వదిలి వచ్చి ఆరేళ్ళయింది. ఇద్దరికీ రాయడం రాదు. టేప్ రికార్డరులో మాట్లాడి, సెలవుకు పోయేవాళ్ళ చేతికి క్యాసెట్టు ఇస్తారు. కూతురూ అలాగే పంపుతుంది.

నిన్ననే ఊరి నుంచి తిరిగొచ్చిన డ్రైవరు నాగూర్ ఇప్పుడే ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. "అక్కా, ఇంకో గంటలో ఒంటెల దొడ్డి గిరిని ఎయిర్‌పోర్టుకు తీసకపోతాండా. సెలవుకు పోతాండాడు. జవాబేమన్నా ఉంటే ఆ లోపల ఇయ్యి" అని చెప్పి పోయాడు.

హనుమక్క పెనం మీద రొట్టె వేసి, మీట నొక్కింది.

"అమ్మా, నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. అయితే నేను చేరను. నాయన చెప్పినాడు గదా, ఆడ పెద్దాసుపత్రి ఉండాది, గదికొక ఏసీ ఉండాది, పార్కు ఉండాదని. ఇంక నేనీడ ఒక్కదాన్నే ఎందుకు? ఏజెంటు ఇంటిపని వీసా ఇప్పిస్తాడంట. ఇరవయ్యో తారీకు పాస్‌పోర్టు ఇస్తాండా."

ఇరవై అంటే ఇంకా ఐదు రోజులు. రొట్టె మాడిన వాసన కూడా హనుమక్కకు తెలియలేదు.

తిరుపాలు బురద కాళ్ళతో లోపలికి వచ్చాడో లేదో విరుచుకుపడింది.

"ఏం మామా, పార్కు యాడుండాది? చూపిచ్చు, నేనూ పోయి కూసుంటా!"

"ఏమైందిమే?"

"నీ బిడ్డ చదువు ఇడిచిపెట్టి పనిమనిషిగా వస్తాంది! నీ పార్కు చూసేదానికి! మొన్న నీకు కామెర్లొస్తే పెద్దాసుపత్రి నడుచుకుంటా వచ్చిందా? పదకొండు దినాలు ఈ గోడకానుకోని పడుంటివే!"

తిరుపాలు తల వంచుకున్నాడు. "మొదట్లో ఒకతూరి ఉండేదుండినట్లు చెప్తే రెండు దినాలు అన్నం ముట్టలేదంట. అవ్వ చెప్పి పంపింది. బిడ్డ ఏడుస్తాదని..."

"ఏడుస్తాదని నోటితోనే ఊరు కట్టినావా? సిగ్గులేదా నీకు?"

"నేనొక్కన్నే కట్టినానా?" ఆరేళ్ళలో మొదటిసారి తిరుపాలు గొంతు లేచింది. "పంపు తిప్పితే చన్నీళ్ళు వస్తాయని చెప్పింది ఎవురు? చెప్పి నవ్వింది ఎవురు?"

హనుమక్క మాడిన రొట్టెను పెనం మీంచి లాగేసింది. అవును, తనే. క్యాసెట్టు అయిపోతుంటే రెండు మాటలు చెప్పమని మొగుడు ఇస్తే, నీళ్ళ కోసం పక్క గదివాళ్ళతో కొట్లాడి వచ్చిన నోటితోనే చెప్పింది. చెబుతుంటే బాగుంది కూడా. తల్లి నవ్వు విని బిడ్డ నమ్మింది. కోపం చల్లారలేదు, తన మీదికే తిరిగింది. అది ఇంకా మండింది.

గబగబా పాత క్యాసెట్టొకటి పెట్టి రెండు మీటలూ కలిపి నొక్కింది.

"శివా, అమ్మను. పంపులో నీళ్ళు రావు. ఈ పొద్దు ట్యాంకరు గూడా రాలేదు. అబద్ధం చెప్పినా తల్లీ. నాయనకు కామెర్లొస్తే దాచిపెట్టినాం. పార్కు లేదు, ఆసుపత్రి లేదు. మా పాస్‌పోర్టులు ఆరేండ్లుగా యజమాని బీరువాలో ఉండాయి. నీది ఎవురికీ ఇయ్యొద్దు. పోయి సీట్లో చేరు. నా మీద కోపమొస్తే రానీ, రావద్దు మాత్రం."

ఊపిరి తీసుకుని, రికార్డరును మొగుడి వైపు తోసింది. "చెప్పు. నీ నోటితో చెప్పు."

"శివా, నాయనను మాట్లాడ..." అన్నాడు తిరుపాలు. ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టేపు తిరుగుతూనే ఉంది.

బయట నాగూర్ హారన్ కొట్టాడు. తిరుపాలు కళ్ళు తుడుచుకుని, టేపు వెనక్కి తిప్పడానికి చెయ్యి చాపాడు. "నా ఏడుపు తుడిపేస్తా మే. బిడ్డ వినకూడదు."

హనుమక్క ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. ఎప్పుడు మొదలైందో ఆమె కళ్ళూ కారుతున్నాయి.

"ఉండనీ మామా. ఈ ఒక్కతూరి విననీ."

క్యాసెట్టు తీసి, కొంగులో చుట్టుకుని, బండి దగ్గరికి పరిగెత్తింది.