చెరిసగం మాత్ర

ఆ ఇంట్లో తినే వస్తువేదైనా రెండు ముక్కలయ్యాకే ఎవరి నోటికైనా చేరేది. ఆపిల్ పండైనా, కేకు ముక్కైనా అమ్మ కత్తి ముందు తల వంచాల్సిందే. బట్టలు కుట్టి ఇద్దరాడపిల్లల్ని పెంచిన మనిషి. గుడ్డ ఎంత సూటిగా కత్తిరిస్తుందో పండూ అంత సూటిగా కోసేది. నాకు చిన్న ముక్క వచ్చిందని అలగడానికి కూడా పిల్లలకి సందు ఇచ్చేది కాదు. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఆవిడని కత్తెరమ్మ అనేవారు. కోపం వచ్చినప్పుడు కూతుళ్ళూ అదే పేరు వాడేవారు.

ఆ రోజు పొద్దున్న కత్తెరమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, దారాలు తెంపే చిన్న కత్తెర అందుకుంది. దాని అంచుకి పసుపురంగు పొడి అంటుకుని ఉంది. వేలితో తుడిచి చూసింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద కాదు. ఆవిడ దగ్గరున్న సుద్దలు తెల్లవీ నీలివీ.

"నా కత్తెర ఎవరు ముట్టుకున్నారే?" అని కేకేసింది.

"ముట్టుకుంటే చెయ్యి ఉంచుతావా నువ్వు?" అంది పెద్దది వంటగదిలోంచి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని దానిది.

"నన్నడక్కు. నాకసలే డ్యూటీకి లేటయింది," అంది చిన్నది యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ. అది సిటీ బస్సు నడుపుతుంది.

"ఏమైనా తిని వెళ్ళవే."

"డిపోలో తింటాలే."

ఆ పసుపు రంగు ఎక్కడిదో కత్తెరమ్మకి తెలియకపోలేదు. పెద్దది రోజూ వేసుకునే మాత్ర రంగు అది. మింగలేక ముక్కలు చేసుకుంటోంది కాబోలు అనుకుంది. అలా అనుకుంటే మనసుకి సుఖంగా ఉంది, అందుకని ఇంకోలా అనుకోలేదు.

పిల్లల తండ్రి కిడ్నీల నిండా నీటి తిత్తులు పెరిగి చనిపోయాడు. ఆఖరి రోజుల్లో గ్లాసెడు నీళ్ళు తాగాలన్నా భార్య మొహం వైపు చూసేవాడు. ఆ జబ్బు పిల్లలకి వచ్చే అవకాశం ఎంతో రాని అవకాశమూ అంతే అన్నారు డాక్టర్లు. ఇద్దరికీ వచ్చింది. స్కాన్ చూసిన రోజు కత్తెరమ్మ ఏడవలేదు. "ఇదీ సమానంగానే పంచామన్నమాట" అని మాత్రం అంది. ఆ తర్వాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చిన్నదానికి అప్పటికే బీపీ కూడా మొదలై, దానికో మాత్ర వేసుకుంటోంది.

తిత్తులు పెరగకుండా ఆపే కొత్త మందొకటి పెద్దాసుపత్రిలో పరీక్షిస్తున్నారని తెలిసి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళారు. పెద్దదాన్ని తీసుకున్నారు. చిన్నదానికి కుదరదన్నారు. ఆ కుదరదు తర్వాత పరిశోధన చేసే డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్పింది గానీ ముగ్గురిలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ఆ మాత్రల్లో కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్త బిళ్ళ ఇస్తారట. ఎవరికేది వెళ్ళిందో ఇచ్చేవాళ్ళకి కూడా తెలియదట. అయినా సరే, ఆ పసుపు మాత్ర ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ కత్తెరమ్మకి కాస్త నిద్ర పడుతోంది. ఒక్కర్తయినా గట్టెక్కుతుందనుకున్నప్పుడల్లా రెండో కూతురి మొహం చూడలేకపోతోంది.

బాత్రూంలో ఏదో పడిన చప్పుడైంది.

బకెట్ పడిందనుకుంది ముందు. బకెట్ పడితే మోత మోగుతుంది. ఇది మెత్తగా, బరువుగా వినిపించింది. కత్తెరమ్మ లేచేలోపే పెద్దది పరిగెత్తింది. తలుపు నెట్టి, "అమ్మా" అని ఒక్కసారి అంది.

చిన్నది తడి నేల మీద పక్కకి ఒరిగి ఉంది. పెదవులు పాలిపోయాయి. చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది. కళ్ళు తెరిచింది గానీ ఆ చూపు ఎవరి మీదా ఆగలేదు. ఇంకాసేపైతే ఇది బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని రోడ్డు మీద ఉండేదన్న ఆలోచన వచ్చింది కత్తెరమ్మకి.

ఎమర్జెన్సీ గదిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడే గానీ గట్టివాడు. బీపీ చూసి, అది బాగా పడిపోయి ఉంటే మళ్ళీ చూసి, నర్సు వైపు తిరిగి తొందరగా ఏదో చెప్పాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"ఏమేం మందులు వాడుతోందమ్మా?"

"బీపీకి మాత్ర ఒకటి," అంది కత్తెరమ్మ.

"ఇంకేమైనా? నాటు మందులు, కషాయాలు, ఎవరో చెప్పారని తెచ్చుకున్నవి?"

మంచం మీద చిన్నది తల అడ్డంగా ఊపింది. ఊపడానికే ఓపిక లేదు, అయినా ఊపింది. కత్తెరమ్మ పెద్దకూతురి వైపు చూసింది. అది నేల చూపులు చూస్తోంది.

"అయితే లోపల తిత్తి పగిలి రక్తం పోతోందేమో," అన్నాడు డాక్టరు. "రంగుమందు ఎక్కించి స్కాన్ తీయాలి. ఆ రంగుమందు వీళ్ళ కిడ్నీలకి మంచిది కాదు. కానీ వేరే కారణం కనపడనప్పుడు తప్పదు. సర్జన్‌ని కూడా పిలుస్తున్నాను. మీరు బయట ఉండండి."

కత్తెరమ్మ పెద్దదాని జబ్బ పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. గోడ వారగా ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి ఉంటే దాని వెనక నిలబెట్టింది.

"నా కత్తెరకి ఉన్న పొడి ఏమిటే?"

పెద్దది మొహం పక్కకి తిప్పుకుంది.

"నా మొహం చూసి చెప్పు. దానికి పెట్టావా?"

"సగం," అంది పెద్దది. "రోజూ సగం."

ఆ మాత్ర విరవకూడదని, నమలకూడదని ఆసుపత్రివాళ్ళు మరీ మరీ చెప్పడం ఆవిడ స్వయంగా విన్నది.

"పద. లోపలికెళ్ళి చెప్పు."

"చెబితే నన్ను తీసేస్తారమ్మా. ఉన్న ఒక్క మందూ పోతుంది. ఇక దానికీ లేదు, నాకూ లేదు."

"అక్కడ దాని కిడ్నీల్లోకి విషం ఎక్కించబోతున్నారే."

"ఒకవేళ మాత్ర వల్ల కాకపోతే? నాది ఉత్త బిళ్ళే అయితే? ఊరికే చెప్పి, ఊరికే పోగొట్టుకుంటాం కదా?" అంది పెద్దది. "నాకు భయమేస్తోందమ్మా. ఏది చెయ్యాలన్నా భయమేస్తోంది."

కత్తెరమ్మకీ అదే భయం. లోపలికెళ్ళి తనే చెప్పేయొచ్చు. కానీ ఆ మాట అంటే ఈ కూతురి చేతిలోంచి మందు లాక్కున్నట్టు, అనకపోతే ఆ కూతురిని చేజేతులా కత్తి కిందకి తోసినట్టు. ఇన్నేళ్ళూ దేన్నైనా కళ్ళు మూసుకుని సగానికి కోసిన మనిషికి, ఆ వేళ ఎటు కోయాలో తెలియలేదు. లోపల్నించి మంచం చక్రాలు కదిలిన చప్పుడు వినిపించింది.

"అసలెందుకు చేశావే ఇంత పని?" అని అడిగింది ఏడుపు గొంతుతో.

"నేనొక్కదాన్నే మిగిలిపోతే?" అంది పెద్దది. "నాన్న పోయాక నువ్వెలా అయిపోయావో చూశాను కదా. మందు పనిచేసి నేను బాగుండి, అది నా కళ్ళ ముందు... నా వల్ల కాదమ్మా. పోతే ఇద్దరం పోతాం, ఉంటే ఇద్దరం ఉంటాం అనుకున్నాను."

కత్తెరమ్మ కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "అది ఇంకా ఉందే," అంది. "ఇప్పుడింకా ఉంది."

పెద్దది ఒక్క క్షణం తల్లి కళ్ళలోకి చూసి, చేతులు విడిపించుకుని పరిగెత్తింది. స్కాన్ గదికి తోసుకెళ్తున్న మంచానికి అడ్డంగా నిలబడింది. "డాక్టరుగారూ, ఆగండి. దానికి నేను మందిచ్చాను," అంది. గొంతు వరండా అంతా వినిపించింది.

డాక్టరు తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. మాత్ర పేరు, ఎప్పుడు వేసుకుంది, ఏమైనా తిన్నదా లేదా అడిగాడు. మంచాన్ని వెనక్కి తిప్పించి, చిన్నదాని కాళ్ళ కింద దిండ్లు పెట్టించి, సెలైన్ ధార పెంచి, ఇంకేదో ఇంజెక్షను చేయించాడు. ఆ తర్వాత ఫోను తీసుకుని పక్కకి వెళ్ళాడు.

కత్తెరమ్మ బల్ల మీద కూర్చుని మానిటరు మీది అంకెల్నే చూస్తూ ఉండిపోయింది. వాటి అర్థం ఆవిడకి తెలియదు. అవి పెరిగితే మంచిదని మాత్రం నర్సు చెప్పింది. కాసేపు పెరిగాయి, మళ్ళీ తగ్గాయి. తగ్గినప్పుడల్లా ఆవిడ పక్కనున్న పెద్దకూతురి చెయ్యి నలిపేస్తోంది. ఇది ఎన్నడూ తల్లి చెయ్యి పట్టుకోవడం ఎరగని పిల్ల. ఆ వేళ వదల్లేదు.

పరిశోధన డాక్టరమ్మ వచ్చేసరికి అంకెలు నిలకడగా ఉన్నాయి. చిన్నది కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ముగ్గురి మధ్యా కూర్చుంది.

"పొరపొరగా రోజంతా కరిగేలా చేసిన మాత్ర అది," అంది. "కోస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వచ్చేస్తుంది. దానికి తోడు ఈ అమ్మాయి వాడే బీపీ మాత్రకీ దీనికీ పడదు, రెండూ కలిస్తే బీపీ మరీ పడిపోతుంది. ఇవాళ ఖాళీ కడుపుతో రెండూ ఒకేసారి వేసుకుంది. చెల్లెల్ని మేం తీసుకోనిది అందుకే. ఆ రోజు చెప్పాను కదమ్మా."

చెప్పింది. కుదరదన్న మాట తర్వాత ఆవిడ చెప్పిందంతా అదే. పొమ్మన్నారనుకున్నారు గానీ కాపాడుతున్నారనుకోలేదు.

"నాది అసలు మందేనా?" అని అడిగింది పెద్దది.

"అసలు మందే. ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి, ఎవరికేది ఇచ్చామో రాసి మూసిపెట్టిన వివరం ఇవాళ తెరిచి చూశాం." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "అలా తెరిచాక, పరీక్ష నియమం ప్రకారం ఆ మాత్ర ఇక నీకివ్వలేను. పరీక్షలకి మాత్రం వస్తూ ఉండు. మందు పనిచేస్తుందని తేలితే అందరికీ వస్తుంది. అప్పుడు చెల్లెలికి బీపీ మాత్ర మార్చి చూడొచ్చు. తేలుతుందని మాటివ్వలేను. దాచకుండా చెప్పావు, అదే మేలు. మిగతావాళ్ళు కూడా కోసుకుంటున్నారేమో ఇవాళే కనుక్కుంటాను."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. అసలైన మందు ఇంటికొచ్చింది, ముక్కలైంది, ఇద్దరికీ దక్కకుండా పోయింది. దిగమింగుకోవడానికి ముగ్గురికీ కష్టంగానే ఉంది.

"సారీ అక్కా," అంది చిన్నది. "వద్దని చెప్పాల్సింది నేనే. వద్దంటే నువ్వు ఏడుస్తావని మింగేశాను."

"నోర్మూసుకుని పడుకో," అంది పెద్దది కళ్ళు తుడుచుకుంటూ.

కత్తెరమ్మ కిందకి వెళ్ళి పళ్ళు కొనుక్కొచ్చింది. సంచీలోంచి ఒక ఆపిల్ తీసింది. చెయ్యి అలవాటుగా కత్తి కోసం వెతికింది, అక్కడే ఆగిపోయింది. పండు పండులాగే చిన్నదాని చేతిలో పెట్టింది. సంచీలోంచి ఇంకోటి తీసి పెద్దదానికిచ్చింది.

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"కత్తెరమ్మకి ఒంట్లో బాగాలేదు. డాక్టర్ని పిలవవే," అంది చిన్నది నీరసంగా.

కత్తెరమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "సమానంగా పెడితే సమానంగా బతుకుతారనుకున్నానే," అంది.

"అన్నీ పంచావమ్మా," అంది పెద్దది మెల్లగా. "భయం మాత్రం పంచలేదు. అంతా నీ దగ్గరే పెట్టుకున్నావు. నిన్ను చూసి మేమూ అలాగే దాచుకున్నాం."

కత్తెరమ్మ మంచం అంచు మీద కూర్చుంది. స్కాన్ చూసిన రోజు నుంచీ గొంతులో అడ్డం పడి ఉన్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"నాకు చాలా భయంగా ఉందే," అంది, అని భోరుమంది.

"నాకూ," అంది పెద్దది.

"నాకూనమ్మా," అంది చిన్నది, తల్లి కొంగు అందుకుని. ఇద్దరూ ఆవిడని చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు. ఆపిల్ పళ్ళు రెండూ కొరక్కుండా దుప్పటి మీద అలాగే ఉన్నాయి.