ఉత్తుత్తి టక్

"ఊపిరి బిగబట్టు అక్కా!" అంటూ బుడ్డి బెల్టు లాగింది.

"బిగించేది నా కాలికే తల్లీ, నడుముకు కాదు" అంది అక్క.

తొడ దగ్గర రెండు బెల్టులు, పిక్క దగ్గర ఒకటి. బడికి వెళ్లే ముందు అవి బిగించడం రోజూ బుడ్డి పనే. అక్క కుడి మోకాలికి బలం లేదు. తొడ నుంచి బూటు దాకా ఉండే ఇనుప కడ్డీల క్యాలిపరే ఆ కాలిని నిలబెడుతుంది. కాలు చాపితే మోకాలి పక్కనున్న ఇనుప రింగు కిందికి జారి 'టక్' మంటుంది. ఇక మోకాలు వంగదు. పైన వదులు ప్యాంటు ఉంటుంది కాబట్టి రింగు కనబడదు. అక్క ఆ చప్పుడు విని లేస్తుంది.

ఈ రోజే అక్క కొత్త పనిలో చేరాలి. రెండు వీధుల అవతల, గడియారాలు బాగుచేసే కొట్టులో. మొదటిసారి ఒక్కతే వెళ్తోంది. అమ్మను ఒప్పించడానికి ఆర్నెల్లు పట్టింది.

"అక్కడ ముళ్లూ చక్రాలూ మింగేయకు."

"ముందు నిన్ను మింగుతా. జరుగు."

అక్క కాలు చాపింది. రింగు ఎక్కడో చిక్కుకున్నట్టుంది, చప్పుడు రాలేదు. బుడ్డికి నాలుకతో అచ్చం అలాగే చప్పుడు చేయడం వచ్చు. క్లాసులో చేసి టీచర్ చేత తిట్లు కూడా తింది. అక్క కనిపెట్టేసి నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుందనుకుంది.

'టక్' మనిపించింది.

అక్క లేచింది. మోకాలు మడతపడిపోయింది. గడ్డం బల్ల అంచుకు కొట్టుకుంది, అక్క నేల మీద పడింది.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అక్క గడ్డం చిట్లి రక్తం కారుతోంది.

"రింగు లాక్ పడిందమ్మా. విన్నాను" అంది అక్క.

"విన్నదానివి ఎలా పడ్డావు? ఇదే రోడ్డు మీదైతే? వద్దు, నీ పనీ వద్దు, ఏమీ వద్దు. రావట్లేదని ఫోన్ చేసేస్తాను."

అక్క మోకాలిని తడుముకుంటూ ఉండిపోయింది.

బుడ్డి గోడకు అతుక్కుపోయింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. అమ్మ కొట్టు నంబరు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, చెప్పొద్దు! లాక్ పడలేదు. ఆ చప్పుడు నేనే చేశాను. నాలుకతో."

అమ్మ చెయ్యి కిందికి దిగింది. ఫోన్లో ఎవరో "హలో, హలో" అంటున్నారు. అమ్మ కట్ చేసింది.

"ఎందుకు?" అంది అక్క.

"నవ్వుతావని."

ఎవరూ నవ్వలేదు.

అమ్మ రక్తం తుడిచి గడ్డానికి ప్లాస్టర్ వేసింది. "రేపు వెళ్దువుగానిలే" అంది మెల్లగా. అక్క తల అడ్డంగా ఊపింది. కుర్చీలో కూర్చుని, కాలు చాపి, ప్యాంటు పైకి లాగి, రింగును వేలితో కిందికి నెట్టింది. గట్టిగా కదిపి చూసింది. పిక్క దగ్గర బెల్టు వదులైంది. బుడ్డి అలవాటుగా చెయ్యి చాపింది. అక్క ఆ చేతిని పక్కకు తోసి తనే బిగించుకుంది.

బుడ్డి వెళ్లి దారిలో ఉన్న చెప్పులన్నీ గోడవారకు జరిపింది. తలుపు బార్లా తీసి పట్టుకుంది.

అక్క సంచీ భుజాన వేసుకుని లేచింది. బుడ్డి పక్కనుంచే, బుడ్డి వైపు చూడకుండా, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.