అలారం పని గది

సాయంత్రం. వాన మొదలై చాలాసేపయింది. ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఒక గది తలుపు వేసి ఉంది. లోపల మన మహానుభావుడు కోడ్ రాస్తున్నాడు.

ఆఫీసులో అందరూ వాణ్ణి అలారం అని పిలిచేవారు. పిలవరూ మరి! కాసేపు పని, అలారం. కాసేపు విశ్రాంతి, మళ్లీ అలారం. మంచినీళ్లు తాగడానికి కూడా అలారమే. ఇదికాక, తెలివిగా పని చెయ్యడం నేర్చుకోండయ్యా అంటూ కనపడ్డవాడికల్లా క్లాసు పీకేవాడు. మెయిళ్లకి జవాబు ఇవ్వడానికి ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. బాగానే ఉంది. తర్వాత పెళ్లాం మెసేజ్‌లకీ ఒకటి రాశాడు. "తిన్నావా", "జాగ్రత్త" అని అదే పంపేది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలో మొగుడు పలకరిస్తున్నాడని మురిసిపోయేది, పాపం. ఇలా మిగిల్చిన టైముతో వీడు ఏం వెలగబెట్టాడయ్యా అంటే, టైము మిగల్చడం ఎలాగో చెప్పే వీడియోలు చూశాడు.

ఇక మిగిలింది కూతురు. రెండో క్లాసు చదువుతోంది. బొమ్మ గీసినా, మోకాలు గీసుకున్నా పరిగెత్తుకొచ్చి నాన్న గది తలుపు కొట్టేది. దాంతో అయ్యగారి ఏకాగ్రత చెడిపోతోందట! అందుకని ఈ మధ్యే ఇంకో ఘనకార్యం చేశాడు. మీటింగుల్లో రికార్డయిన తన గొంతు తీసి, అచ్చం ఆ గొంతుతోనే పాపకి బదులిచ్చే ప్రోగ్రాం తయారుచేసి, పాత ట్యాబ్‌లో పెట్టి చేతికిచ్చాడు.

"నాన్నతో మాట్లాడాలంటే ఇందులో మాట్లాడు అమ్మలూ."

పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఉన్నది నువ్వేనా?"

"ఆఁ, నేనే."

కన్నకూతురితో అంత తేలిగ్గా అబద్ధమాడేశాడు. పైగా చిట్కా భలే పనిచేసిందని ఆఫీసులో గొప్పలు పోయాడు కూడా. సిగ్గులేని మనిషి! తలుపు చప్పుడు మాత్రం ఆగిపోయింది.

ఆ సాయంత్రం భార్య డ్యూటీలో ఉంది. పాపని చూసుకోవలసింది వీడే. చూసుకోవడమంటే ఏముంది, గదికి బోల్టు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చోవడమే. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. గదిలో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఉన్నట్టుండి కరెంటు పోయింది. విసుక్కుంటూ హెడ్‌ఫోన్స్ తీశాడు.

అప్పుడు వినపడింది. హాల్లో పాప కిలకిలా నవ్వుతోంది. ఆ నవ్వు వెనకే తన గొంతు... కథ చెబుతోంది. ఏనుగుకి ఒక గొంతు, కుందేలుకి ఒక గొంతు, మార్చి మార్చి మరీ. వీడు జన్మలో పాపకి కథ చెప్పిన పాపాన పోలేదు. ప్రోగ్రాంలో కథలు పెట్టనూ లేదు. ఏదో అప్‌డేట్ అయి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ బుర్రకి అంతకన్నా ఏం తడుతుంది!

కథ ఆగింది. ఆ గొంతు దగ్గింది.

ట్యాబ్ దగ్గుతుందా?

ఆపైన అడుగులు. చెప్పుల్లేని, తడి అడుగులు. చప్... చప్... తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి. కింది సందులోంచి ముక్కిపోయిన వాసన వచ్చింది, ఏళ్ల తరబడి తెరవని పెట్టె వాసన.

"అమ్మలూ..." అన్నాడు.

అవతల పాప గుసగుసగా అంది. "నాన్నా, లోపలెవరో పిలుస్తున్నారు."

"పిలవనీలే," అంది తన గొంతే. "పద, అమ్మని తీసుకొద్దాం."

బోల్టు లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. రాలేదు.

"అమ్మలూ, వెళ్లకు! వాడు నేను కాదు!"

బయటి తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

భుజం వాచేదాకా తలుపుని గుద్దాడు, ఏడ్చాడు, తిట్టాడు. ఎంతసేపటికో బోల్టు దానంతటదే జారింది. హాలంతా చీకటి. ఫోన్ లైటు వేశాడు. పాప చెప్పులు లేవు. సోఫా మీద ట్యాబ్ చల్లగా పడి ఉంది, ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. నేల మీద తడి పాదాల గుర్తులు. పక్కన కాలు పెట్టి చూసుకున్నాడు. తన కొలతే.

భార్యకి ఫోన్ చేశాడు. "పాప... పాపని ఎవరో..."

"ఎవరండీ మీరు?" అంది భార్య. "మా పాప ఇక్కడే ఆటోలో, వాళ్ల నాన్న భుజం మీద పడుకుంది."

పక్కనుంచి తన గొంతు అడిగింది. "ఎవరు?"

"ఏమోనండీ. రాంగ్ నంబరు."

తలుపు తీసుకుని బయటికి పరిగెత్తబోయాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. లిఫ్ట్ పైకి వస్తోంది. ఆగింది.

భార్య ముందు దిగింది, చేతిలో తడిసిన గొడుగుతో. గాలిని దాటినట్టు వీణ్ణి దాటుకుని లోపలికి వెళ్లింది. "మీరు వస్తారని కల్లో కూడా అనుకోలేదండీ," అంటూ కళ్లు తుడుచుకుంది. వెనకాల, పాపని ఎత్తుకుని... వాడు. అదే మొహం. ఆ మొహంలో తొందర లేదు, అంతే.

"అమ్మలూ!" చెయ్యి చాచాడు. పాప కళ్లు తెరిచి తిన్నగా వీడి వంక చూసింది. ఆ వచ్చినవాడి మెడని ఇంకాస్త గట్టిగా కావలించుకుంది.

ఆ వచ్చినవాడు వీడి చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వెళ్లి పని చూసుకో... వీళ్లని నేను చూసుకుంటా."

ఎవడైనా ఏం చేస్తాడు? మీద పడతాడు. చచ్చో బతికో పిల్లని లాక్కుంటాడు. కుక్క అయినా ఆ పని చేస్తుంది. వీడికి మాత్రం పొద్దున్నకల్లా పంపాల్సిన కోడ్ గుర్తొచ్చింది. లోపల ఏ మూలో, హమ్మయ్య అనిపించింది. ఛీ! అది పైకి అనలేదు. అయినా ఆ వచ్చినవాడికి వినపడినట్టుంది, నవ్వాడు.

వీడు తలొంచుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆఫీసుకి కోడ్ ఠంచనుగా వస్తోంది. ఒక్క తప్పూ ఉండటం లేదని పై ఆఫీసరు తెగ మెచ్చుకుంటున్నాడు. ఇంట్లో నాన్న రోజూ కథలు చెబుతున్నాడు. ఆ గది మాత్రం ఇప్పుడు లేదు. తలుపుండాల్సిన చోట గోడ ఉంది. అక్కడో గది ఉండేదని ఎవరికీ గుర్తు లేదు.

మొన్న పాప ఆడుకుంటూ ఆ గోడకి చెంప ఆనించి, చటుక్కున వెనక్కి వచ్చేసింది.

"అమ్మా... ఈ గోడ వెచ్చగా ఉంది. మనిషి ఒళ్లులాగా."